గుడ్లబండలో గుండ్రటి రాయి

ఓబులేసు సారును ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన మొదట చేసే పని చెప్పులు వేసుకోవడం. జవాబు నోట్లో ఉండదు, గుట్ట మీద ఉంటుందని ఆయన నమ్మకం. ఏళ్ళ తరబడి కాలేజీలో రాళ్ళ చదువు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చదువు మానేసి ఎంతకాలమైనా ఆయన ఇంటి మెట్లెక్కడం మానలేదు. పిల్లకు సంబంధం కుదరకపోయినా, అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా, ఊరికే మనసు బాగాలేకపోయినా వచ్చి వరండాలో కూర్చుంటారు. సారు కళ్ళు సగం మూసుకుని అంతా వింటారు. విన్నాక లేచి, మంచం కింద చెప్పుల కోసం కాలితో వెతుకుతారు. ఇక ఎండలో నడక తప్పదని వచ్చినవాడికి అప్పుడు అర్థమవుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు మజ్జిగ తాగి మరీ బయలుదేరతారు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున హేమావతి వచ్చి ఆ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఒకప్పుడు సారు శిష్యుల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇప్పుడు అదే ఊళ్ళో, సారు పాఠం చెప్పిన గదిలోనే, ఆమె పాఠం చెబుతోంది. ఇచ్చిన కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. తల ఎత్తకుండానే అడిగింది.

"సార్, ఒకే బండ ఇద్దరి మీద పడితే, ఒకరు నుజ్జునుజ్జయి, ఇంకొకరు చెక్కుచెదరకుండా ఉంటారా? ఉంటే ఆ ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం చెయ్యొచ్చా?"

ఆ బండ ఏమిటో సారుకు చెప్పనక్కరలేదు. ఊరందరికీ తెలుసు. కిందటేడు వానాకాలంలో హేమావతి కూతురు మైథిలి జ్వరంతో పోయింది. రెండో తరగతి చదివే పిల్ల. సాయంత్రం ఒళ్ళు వెచ్చగా ఉందని పడుకోబెడితే వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ అయింది. ఆనాటి నుంచి హేమావతి ఒక మనిషిగా లేదు. పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయి కిటికీలోంచి చూస్తూ నిలబడేది. పొయ్యి మీద పాలు పొంగి మాడినా తెలిసేది కాదు. ఇంటికి వచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో లేచి పోయి పిల్ల గౌనుల పెట్టె ముందు కూర్చునేది. చెంపలు పీక్కుపోయి, నడక వంగి, ఉన్న వయసుకు పదేళ్ళు ఎక్కువ కనిపించేది.

భర్త వీరనారాయణ మాత్రం అట్లా కాలేదు. అతను బస్టాండులో కంట్రోలరు, ఏ బస్సు ఎప్పుడు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే మనిషి. కర్మకాండ ముగిసిన మర్నాడే ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయాడు. ఆ రోజు హేమావతి గడపకు అడ్డంగా నిలబడి, నీకు ఏమీ అనిపించడం లేదా అని అడిగింది. అతను చెప్పుల వైపు చూస్తూ, "బస్సుకు టైమైంది హేమా" అన్నాడు. అంతే. అప్పటి నుంచీ వేళకు పోవడం, వేళకు రావడం, పెట్టింది తినడం, పడుకోవడం. అతను ఏడవగా ఆమె చూడలేదు. మగవాడంటే అట్లా ఉండాల, ఏం నిబ్బరం, అని చుట్టాలు మెచ్చుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. తన బిడ్డ చావు ఆ మనిషిని తాకనైనా తాకలేదని ఆమె మెల్లమెల్లగా నమ్మింది. నమ్మకం కుదిరాక మదనపల్లెకు బదిలీ పెట్టుకుంది. బదిలీ వచ్చేసింది. మర్నాడు సోమవారం పోయి చేరాలి. ఆ సంగతి భర్తకు ఇంకా చెప్పలేదు. పోతున్నానని, పోయేది ఉద్యోగం కోసం కాదని, ఇక తిరిగి రానని, మూడు మాటలూ ఆ సాయంత్రమే చెప్పాలని గట్టిగా అనుకుంది. అయినా ఎందుకో ముందు సారు దగ్గరికి వచ్చింది.

సారు అంతా విని లేచారు. మంచం కింద చెప్పులు దొరికాయి. లోపలి నుంచి ఆయన భార్య రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి ఉన్న టిఫిను డబ్బా తెచ్చి హేమావతి చేతికిచ్చింది. ఆ ఇంట్లో అట్లాంటి డబ్బా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

ఊరికి పడమట ఉన్న గుట్టను గొర్రెలకాపరులు గుడ్లబండ అంటారు. ఆ పేరు పెట్టినవాడు చదువుకోకపోయినా కళ్ళున్నవాడు. బూడిదరంగు బండ నిండా గులకరాళ్ళు పొదిగి ఉంటాయి, తెల్లవి, ఎర్రవి, పొగరంగువి. దూరం నుంచి చూస్తే ఏ పక్షో గుడ్లు పెట్టి మరచిపోయినట్టుంటుంది. ఎంతో కాలం కిందట, మనిషి అన్నవాడు పుట్టకముందు, అక్కడ కొండ లేదు, ఒక ఏరు ఉండేది. అది దొర్లించుకొచ్చిన రాళ్ళు ఇసుకలో, బురదలో కూరుకుపోయాయి. వాటి మీద ఇంకా ఇసుక పడింది. భూమి అడుగు పొరల్లోకి దిగి, అక్కడి వేడికి, అక్కడి బరువుకు, రెండు పక్కల నుంచి ఒత్తిడికి ఆ ఏటి అడుగంతా ఒక్క బండ అయింది. రాయి కూడా అంత వేడిలో, అంత కాలం నొక్కితే మైనంలాగా మెల్లగా సాగుతుంది. గుండ్రటి గులకలు కోలగా సాగాయి. ఎంత కోలగా సాగాయో కొలిస్తే, ఆ నేల ఎంత నలిగిందో తెలుస్తుంది. సారు జీవితమంతా చేసిన పని అదే. పెద్ద పనేమీ కాదు గదా అని కొత్తగా చేరిన పిల్లలు అనుకునేవారు, సున్నంముక్క పట్టుకుని ఆ బండ ముందు ఒక పూట కూర్చునేదాకా.

ఆ పొద్దున మంచు ఇంకా విడలేదు. ఎండ ఉంది, కానీ పల్చటి పాలల్లోంచి వచ్చినట్టుగా ఉంది. బోదగడ్డి కంకులు తెల్లగా ఊగుతుంటే గుట్ట కూడా వాటితోపాటు కొద్దిగా ఊగుతున్నట్టు అనిపించింది. ఇద్దరూ ఎక్కారు. హేమావతికి తాను నడుస్తోందో, నడుస్తున్నట్టు తలుచుకుంటోందో తెలియలేదు. చాలాకాలంగా ఆమెకు రోజులన్నీ అట్లాగే గడుస్తున్నాయి.

గుట్ట నడుమ ఒకచోట బండ కోసి నిలబెట్టినట్టు గోడలాగా ఉంటుంది. సారు సీసాలోని నీళ్ళు ఆ గోడ మీద చల్లారు. తడిసేసరికి రాళ్ళన్నీ రంగు తేలి, అప్పుడే ఏట్లోంచి తీసినట్టు మెరిశాయి. ఆయన సున్నంముక్కతో రెండు బారల వెడల్పున ఒక చదరం గీసి, ఆ ముక్కను, జేబులోని స్కేలును, కోణమానినిని ఆమె చేతిలో పెట్టారు.

"ఈ బండ ఎంత నలిగిందో కొలిచి చెప్పు తల్లీ. గీత లోపల పడిందాన్ని దేన్నీ వదలొద్దు."

"ఇప్పుడేంటికి సార్ ఇది?" అంది హేమావతి.

"నాకు కండ్లు సరిగా కనపడ్డం లేదు" అన్నారు సారు. అది అబద్ధం. ఆయనకు ఆమడ దూరంలో ఉన్న గొర్రెకు ఏ కాలు కుంటో కనపడుతుంది.

ఆమె కొలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క రాయి చుట్టూ సున్నంతో గీత గీయడం, దాని పొడవు చూడడం, వెడల్పు చూడడం, పొడవు ఏ వైపుకు వాలి ఉందో కోణమానినితో చూడడం. మొదట్లో చేతులు మొరాయించాయి. తర్వాత వాటికవే దారి పట్టాయి. కొన్ని రాళ్ళు వేలెడంత సన్నంగా సాగాయి. కొన్ని బాదంకాయల్లా ఉన్నాయి. దాదాపు అన్నీ ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి, గాలికి వాలిన పైరు మాదిరి. సాగిన రాయిని చూసినప్పుడల్లా ఆమెకు లోపల ఎక్కడో చల్లగా తగిలేది. మీకు కూడానా, అని అడగాలనిపించేది. చాలా సన్నంగా సాగిన ఎర్రరాయి ఒకటి ఉంటే దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరికే ఉండిపోయింది. పొద్దు పైకెక్కింది. గీత లోపల తెల్లటి కోడిగుడ్డు గీతలు నిండిపోయాయి. రాళ్ళ పొడవు వాటి వెడల్పుకు ఎన్ని రెట్లుందో ఆమె సగటు తీసి చెప్పింది.

సారు లేచి వచ్చి బండను చూశారు. చదరం నడుమ, సరిగ్గా కంటికి ఎదురుగా, వెలగపండంత గుండ్రటి రాయి ఒకటి ఉంది. పొగరంగుది. దాని చుట్టూ గీత లేదు. అట్లాంటివే చిన్నవి ఇంకా ఒకటి రెండు ఉన్నాయి. వాటి చుట్టూ కూడా లేదు.

"ఇదేంటికి వదిలినావు?"

"అది నలగలేదు గదా సార్. గుండ్రంగానే ఉంది. నలగని దాన్ని కొలిచి ఏం లాభం?"

రాళ్ళు కొలిచేవాళ్ళలో కొత్తవాళ్ళు అందరూ చేసే తప్పు అది. కళ్ళు ఎప్పుడూ బాగా సాగిన రాళ్ళ మీదికే పోతాయి, గుండ్రటివి కనపడుతూనే కనపడకుండా పోతాయి. ఆ తప్పు చెయ్యొద్దని హేమావతి ప్రతి ఏడూ క్లాసులో పిల్లలకు చెప్పేది. బల్ల గుద్ది చెప్పేది. చెప్పడం వేరు, కళ్ళకు చెప్పుకోవడం వేరు. సారు ఆ మాట ఏదీ అనలేదు. "ఆకలైతాంది" అన్నారు.

బండ నీడలో కూర్చుని డబ్బా తెరిచారు. సారు సంగటిలోంచి పిడికెడు తీసి, అరచేతుల మధ్య అటూ ఇటూ దొర్లించి, దోసకాయలాగా కోలగా చేశారు. దాన్ని మూత మీద నిలువుగా నిలబెట్టారు. పైనుంచి అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కారు. కోలముద్ద పొట్టిదై, పక్కలకు ఉబ్బి, బంతిలాగా గుండ్రమైంది. అక్కడ చెయ్యి తీసేశారు. ఆ ముద్దను ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, ఊరిబిండిలో అద్దుకుని నోట్లో వేసుకున్నారు. పెద్దాయన తిండితో ఆడుకోవడం హేమావతికి కొత్త కాదు. ఆమె చూసింది. చూసి ఊరుకుంది. ఆమె మనసు సాయంత్రం చెప్పబోయే మూడు మాటల దగ్గర ఉంది.

తిన్నాక బండకు వీపు ఆనించింది. రాయి వెచ్చగా ఉంది. మంచు విడినట్టే విడి మళ్ళీ లోయలో చేరింది. ఎక్కడో మేకల మెడగంటలు దగ్గరికి వచ్చి, దూరమై, మళ్ళీ దగ్గరికి వచ్చాయి. ఆ చప్పుడు వింటూ వింటూ ఆమె కన్ను మూసింది.

వీపు వెనకాల బండ కదిలింది. భయం వెయ్యలేదు. బండ కరిగి నీళ్ళవుతోందని, అది మామూలేనని ఆమెకు కలలో తెలుసు. గుట్ట లేదు. వెడల్పాటి ఏరు పారుతోంది, మోకాటి లోతున, అడుగు కనపడేంత తేటగా. అడుగున రాళ్ళు దొర్లుతున్నాయి. కొన్ని పడుకుని ఉన్నాయి, కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఏ రెండూ ఒక తీరుగా లేవు. ఒడ్డున మైథిలి గౌను ఒడిలో రాళ్ళు నింపుకుంటోంది. ఒడి బరువై గౌను ఒకపక్కకు జారింది. హేమావతికి ఏడుపు రాలేదు. పిల్ల అక్కడ ఉండడమే న్యాయంగా తోచింది. ఏట్లో ఎవరో మగమనిషి నిలబడి నవ్వుతున్నాడు. అదేం నవ్వో, ఆ గట్టుకు తగిలి ఈ గట్టుకు వచ్చేది. చేతులు బారలు చాపి నీళ్ళు చల్లుతూ, ఏదో పాట తప్పుగా పాడుతూ, పాట మధ్యలో ఎవరినో కేకేసి పిలుస్తూ, మళ్ళీ నవ్వుతూ, ఏరంతా తనదే అన్నట్టుగా ఉన్నాడు. ఎవరీ మనిషి అనుకుంది ఆమె. బాగా తెలిసిన మనిషి. పేరు నోటికి రావడం లేదు.

మైథిలి తల తిప్పి చూసింది.

"అమ్మా, నాయనను గుర్తుపట్టలేదా?" అంది.

హేమావతి కళ్ళు తెరిచింది. ఏరు లేదు. పక్కన బండ వెచ్చగా అట్లాగే ఉంది. సారు కాస్త దూరంలో కూర్చుని గడ్డిపరకతో పళ్ళు కుట్టుకుంటున్నారు. ఆమె లేచి కూర్చుంది కానీ ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. ఆ నవ్వు విని ఎంతకాలమైందో లెక్కకు అందలేదు. అంతకంటే ఆశ్చర్యం, అది వినపడడం లేదని కూడా ఇంతకాలం ఆమెకు తోచలేదు.

సారు జేబులోంచి భూతద్దం తీసి ఆమెకు ఇచ్చి, గుండ్రటి రాయిని గడ్డిపరకతో చూపించారు. ఆ రాయి మీద ఒకచోట పెచ్చు ఊడి లోపలి భాగం బయటపడి ఉంది. సారు అక్కడ కాసిన్ని నీళ్ళు పోశారు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కన్ను ఆనించింది. మొదట మసకగా, తర్వాత స్పష్టంగా కనిపించింది. ఆ పొగరంగు రాయి అంతకుముందు ఎప్పుడో ఇసుక. ఇసుకరేణువులు కలిసి రాయి అయితే, ఆ రాయి ఏట్లో పడి దొర్లింది. ఇప్పుడు భూతద్దంలో ఆ రేణువులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒక్కటి కూడా గుండ్రంగా లేదు. వడ్లగింజలు దంపుడుకు అటుకులైనట్టు అన్నీ అణిగిపోయి పల్చబడి ఉన్నాయి. చుట్టూ ఉన్న రాళ్ళన్నీ ఏ దిక్కుకు సాగాయో, ఆ రాయి లోపలి రేణువులు కూడా సరిగ్గా ఆ దిక్కుకే సాగి ఉన్నాయి. ఆమె భూతద్దం తీసి పక్కనున్న సన్నటి ఎర్రరాయి మీద పెట్టింది. దాని లోపల కూడా అవే అటుకులు, అంతే పల్చన. మళ్ళీ గుండ్రటి రాయి మీద పెట్టింది. తేడా లేదు.

సంగటిముద్ద అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఆ రాయి ఏట్లో ఉన్నప్పుడు గుండ్రంగా లేదు. కోలగా ఉంది, అదీ మిగతావాటికి అడ్డంగా, నిటారుగా. ఒత్తిడి దాన్ని తలమీద నుంచి నొక్కింది. మిగతావన్నీ సాగి కోలగా అవుతుంటే అది మాత్రం అణిగి అణిగి చివరికి గుండ్రమైంది. ఆ ఒత్తిడి దానికీ తప్పలేదు, అందరితో సమంగా పడింది. చూసేవాళ్ళకు మాత్రం ఏమీ జరగని రాయి లాగా కనపడుతుంది.

"సార్" అంది ఆమె. భూతద్దం దించి ఆ గుండ్రటి రాయి మీద అరచెయ్యి పెట్టింది.

వీరనారాయణ పెళ్ళయిన కొత్తలో బస్టాండులో మైకు పట్టుకుంటే బస్టాండంతా చెవి ఒగ్గి వినేది. "ప్రొద్దుటూరు పోయే అక్కలారా, అన్నలారా, మూటలు కట్టుకోండి, డ్రైవరన్న మీసానికి టీ అంటుకుంది, తుడుచుకుని వస్తాన్నాడు" అనేవాడు. పై అధికారులు మందలిస్తే వాళ్ళ మీద కూడా ఒక మాట విసిరేవాడు. ఇంటికి ఎప్పుడూ వేళకు వచ్చింది లేదు. దారిలో కనపడ్డ ప్రతివాణ్ణీ ఆపి, వాడి మేకలు, వాడి కోడళ్ళు, వాడి కోర్టు కేసు అన్నీ కనుక్కుని వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. వచ్చినవాడు ఊరికే తినేవాడా, ఉప్పు తక్కువైందనో కారం ఎక్కువైందనో గిన్నె మీద గరిటెతో దరువేసి పాట కట్టేవాడు. మైథిలి ఆ పాటకు ఎగిరేది. ఇద్దరి గోల భరించలేక హేమావతి చెవులు మూసుకునేది. నీకు మనిషికి ఉండాల్సిన నిమ్మళం ఎప్పుడొస్తుందయ్యా అని ఎన్నిసార్లు అందో. ఆ నిమ్మళం ఇప్పుడొచ్చింది. వేళకు వస్తున్నాడు. ఉప్పు లేకపోయినా తింటున్నాడు. అందరు మగవాళ్ళ మాదిరి ఒక మామూలు మగవాడయ్యాడు. ఆ మామూలుతనాన్ని చూసే ఈమె, ఇతనికి ఏమీ కాలేదని తీర్పు చెప్పింది. అది తలుచుకుని హేమావతి బండ మీద తల ఆనించి ఏడ్చింది. బిడ్డ కోసం చాలా ఏడ్చింది గాని ఈ ఏడుపు వేరు. అతని కోసం ఆమె ఇంతవరకు ఒక్క చుక్క కార్చలేదు.

సారు ఆపలేదు. మంచు పల్చబడే దాకా అటు తిరిగి కూర్చున్నారు. తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని, సున్నంముక్క వెతికి తీసుకుని, గుండ్రటి రాయి చుట్టూ గీత గీసింది. చిన్నవాటికి కూడా గీసింది. మళ్ళీ లెక్క వేసింది. పొద్దున వచ్చినదానికంటే తక్కువ వచ్చింది. గుట్ట ఆమె అనుకున్నదానికంటే కాస్త తక్కువ నలిగింది, కానీ ఎవరినీ వదలకుండా నలిగింది.

దిగేటప్పటికి పొద్దు వాలుతోంది. ఊళ్ళోకి పోయే దారి బస్టాండు మీదుగానే. పల్లెలకు పోయే జనం మూటల మీద కూర్చుని ఉన్నారు. దుమ్ములో ఎండ పసుపుపచ్చగా నిలబడింది. స్తంభం మీది మైకు గరగరమని, వీరనారాయణ గొంతు వినిపించింది.

"పులివెందుల పోవు బస్సు రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు గమనించగలరు."

అంతే. మైకు ఆగిపోయింది. హేమావతి అక్కడే నిలబడిపోయింది. ఆ మాటలు ఆమె రోజూ వింటున్నవే. ఎక్కడా ఒక తప్పు లేదు, ఒక పొల్లుమాట లేదు. బడిపిల్లవాడు అప్పజెప్పినట్టుగా ఉంది.

పక్కన మూట మీద కూర్చున్న ముసలాయన ఆమె వైపు చూసి, మాట కలపాలని కాబోలు అన్నాడు. "ఈ కంట్రోలరు సారు శానా మంచోడమ్మా. ఎవురినీ కసరడు, గొంతు పెంచడు. కొంతమందికి దేవుడు పుట్టుకతోనే ఇస్తాడు ఆ నెమ్మది."

హేమావతి ఏదో చెప్పబోయింది. అంతలో బస్సు హారను మోగింది. ముసలాయన మూట ఎత్తుకుని బస్సు వైపు పోయాడు.

కంట్రోలరు గది తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల ముందు వీరనారాయణ వీపు కనపడుతోంది, ఖాకీ చొక్కా భుజాల దగ్గర వదులైంది. ఎప్పటి నుంచి వదులైందో ఆమె గమనించలేదు. ఆ గదికీ ఆమెకూ మధ్య ఉన్నది పది అడుగుల దూరమే. అయినా, ఇన్నాళ్ళూ ఒక ఇంట్లో ఉండి మాట్లాడనిది, ఇప్పుడు పోయి ఏమని మొదలుపెట్టాలి? ఆమె సారు వైపు తిరిగింది.

"సార్, మీరొకసారి లోపలికి వస్తారా? మీ మాటంటే ఆయనకు గౌరవం. మీరు కదిలిస్తే ఏమన్నా చెప్పుకుంటాడేమో. నాకు చేతకావడం లేదు."

ఓబులేసు సారు ఆ తెరిచిన తలుపు వైపు చూశారు. ఆయనకు ఆ గదిలో కనిపించింది బల్ల ముందు కూర్చున్న ఒక నెమ్మదైన మనిషి.

"నేను పోతే బండతో మాట్లాడినట్టుంటుంది తల్లీ" అన్నారు. "బండ కాకముందు ఆ ఏరును నేను చూడలేదు. నువ్వు చూసినావు."